కాగితం రెండో వైపు కూడా చూడండి

(నాంపల్లిలో జరిగిన జిల్లా కార్యకర్తల శిక్షణ తరగతిలో, సంఘం ఆఫీసు ఫైళ్లు చూసే బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధర మీద, కౌలు రైతుల గుర్తింపు మీద పెద్ద విషయాలు విన్నారు. భోజనం తర్వాత మాకిచ్చిన అంశం చిన్నది. బల్ల మీద ఉన్న ఈ పెట్టె చూశారు కదా, టిఫిన్ డబ్బా కంటే కాస్త పొడుగు, అంతే. ఇది స్కానర్. దీంతో సంఘం ఆఫీసులోని రెండు బీరువాల కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఎట్లా చేశామో చెప్పమన్నారు. మేం మాత్రం మా తప్పుల గురించే ఎక్కువ చెబుతాం. రేపు మీ జిల్లాల్లో ఈ పని మొదలుపెడితే మీకు అక్కరకొచ్చేవి అవే.

నాంపల్లి స్టేషన్‌లో వికారాబాద్, తాండూరు వైపు నుంచి వచ్చే రైళ్లు దిగేవాళ్లలో మన రైతును గుర్తుపట్టడం కష్టం కాదు. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటుంది, కవరు నిండా కాగితాలుంటాయి. స్టేషన్ రోడ్డు మీదుగా ఆబిడ్స్ వైపు నడిస్తే భూపరిపాలన ప్రధాన కమిషనర్ ఆఫీసు, అదే మనం సీసీఎల్ఏ అంటామే, అది వస్తుంది. మండలంలో తిరిగి, ఆర్డీఓ దగ్గర తిరిగి, కలెక్టరేట్‌లో తిరిగి చివరికి ఇక్కడికొస్తారు. దారిలో మన ఆఫీసులో ఆగి కవరు బల్ల మీద కుమ్మరిస్తారు. అందులో జిరాక్సుకు జిరాక్సు తీసిన పాసు పుస్తకం, శిస్తు రసీదులు, ఉర్దూలో ఉన్న ఒక పాత పహాణీ నకలు, తాత పేరు మీద సాదాబైనామా, నాలుగు మడతల దగ్గరా చిరిగి సెల్లో టేపుతో అతికించిన స్టాంపు కాగితం అన్నీ కలిసిపోయి ఉంటాయి. "వీటిని మీ దగ్గరే జాగ్రత్త పెట్టండి సారూ, ఇంట్లో చెద పడుతోంది" అంటారు. ఏళ్ల తరబడి అట్లా తీసుకుని పెట్టాం. రెండు బీరువాలు నిండింది అట్లానే.

ఇది మంచి పద్ధతి కాదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ముందు ఈ పని ఎందుకు తలకెత్తుకున్నామో చెప్పాలి. ప్రభుత్వం మన భూముల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇవాళ మొదలైంది కాదు. 1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకంతో మొదలైంది. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన అన్నారు. 2020 సెప్టెంబరు 7న వీఆర్వోల చేతుల్లోని రికార్డులన్నీ ఒక్క పూటలో స్వాధీనం చేసుకున్నారు, ఆ వ్యవస్థే రద్దయింది. అదే ఏడాది అక్టోబరు ఆఖర్లో ధరణి వచ్చింది. అక్కడ దెబ్బ తిన్నదెవరో మీకు చెప్పనక్కరలేదు. కంప్యూటర్‌లో ఉంటేనే భూమి ఉన్నట్టు. పహాణీలో తరతరాలుగా ఉంటూ వచ్చిన అనుభవదారు కాలమ్ కొత్త పాసు పుస్తకాలతోనే ఎగిరిపోయింది. కాస్తు చేసేవాడి పేరు రాయడానికి గడి లేకపోతే రాసే చెయ్యి మంచిదైనా లాభం లేదు. అప్పటి చట్టంలో రెవెన్యూ కోర్టులు తీసేశారు, అప్పీలుకు చోటు లేకుండా పోయింది. 2025లో భూభారతి చట్టం వచ్చాక ఆ దారి మళ్లీ తెరుచుకుంది. కానీ అప్పీలుకు పోయేవాడు చేతిలో ఏం పట్టుకుపోవాలి? పాత కాగితమే. 2018కి ముందు పహాణీ నకలు ఇంట్లో దాచుకున్నవాడు ఇవాళ నోరు విప్పగలుగుతున్నాడు. దాచుకోనివాడు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.

ఆఫీసులో ఉంటే భద్రం అనుకోవడానికీ లేదు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో రాత్రికి రాత్రి మంటలు లేచి ఫైళ్లు కాలిపోయిన సంగతి పేపర్లలో చదివారు. ఆ వార్త వచ్చిన రోజున మేం మా బీరువాల వైపు చూసుకున్నాం. ఒక బీరువాకు వెనకాలే కరెంటు మీటరు బోర్డు ఉంది. ఆ నెలలోనే చందాలు వేసి ఈ పెట్టె కొన్నాం.

చిన్న స్కానర్ ఎందుకంటే, పెద్ద యంత్రం పెట్టడానికి మాకు చోటు లేదు, డబ్బూ లేదు. పైగా దీన్ని సంచిలో వేసుకుని ఊరికి పోవచ్చు. పైన కాగితాలు పేర్చి మీట నొక్కితే ఒక్కొక్కటే లోపలికి లాక్కుని రెండు వైపులా ఒకేసారి బొమ్మ తీస్తుంది. మామూలు జిరాక్సు కాగితాలైతే నిమిషానికి పది, పన్నెండు పోతాయి. మొదటి రోజు మాకు మహా ఉషారు. సాయంత్రానికి ఒక అర ఖాళీ చేశాం. ఆ అర మొత్తం తర్వాత మళ్లీ చేయాల్సి వచ్చింది.

మొదటి తప్పు రంగు. ఫైలు సైజు తగ్గుతుందని నలుపు తెలుపులో తీశాం. మన రెవెన్యూ కాగితం నలుపు తెలుపు కాదండీ. పహాణీలో మార్పులు ఎర్ర సిరాతో రాస్తారు. అధికారి సంతకం ఆకుపచ్చ సిరాలో ఉంటుంది. కార్యాలయం ముద్ర ఊదా రంగులో. నలుపు తెలుపులో అన్నీ ఒక్కటే. ఎర్ర సిరాతో పేరు కొట్టేసి కొత్త పేరు రాసిన చోట, ఏది ముందు రాసిందో ఏది తర్వాత రాసిందో తెలియకుండా పోయింది. పాలిపోయిన ముద్ర అయితే అసలు కనపడనే లేదు. ముద్ర లేని కాగితాన్ని తహసీల్దారు ముందు పెడితే ఏమంటాడో మీకు తెలుసు. అందుకని ఎంత చిన్న రసీదైనా రంగులోనే, అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో తీయండి. సైజు గురించి భయం వద్దు. మా రెండు బీరువాలూ కలిసి జేబులో పట్టే హార్డ్ డిస్కులో ఒక మూలకు సరిపోయాయి.

రెండో తప్పు దుమ్ము. ఇది వింటే నవ్వొస్తుంది, మాకు అప్పుడు నవ్వు రాలేదు. ఇటువంటి స్కానర్‌లో అద్దం కదలదు, కాగితమే దాని మీదుగా జారుతుంది. అద్దం మీద ఒక్క నలుసు పడిందంటే కాగితం పొడుగునా పైనుంచి కిందికి సన్నని గీత వస్తుంది. మన కాగితాల్లో దుమ్ముకు కొదవ లేదు. ఆ రోజు ఆ గీత సరిగ్గా సర్వే నంబర్ల కాలమ్‌కు ఎడమ పక్కన పడింది. నలుపు తెలుపులో అది అచ్చం ఒకటి అంకెలాగే ఉంది. 42 కాస్తా 142 అయింది, 57 కాస్తా 157 అయింది. ఇరవై ముప్పై పేజీలు తిరగేశాక గానీ మాలో ఒకరికి అనుమానం రాలేదు. ఆ ఊళ్లో అన్ని సర్వే నంబర్లే లేవు! ఇక అప్పటి నుంచి ప్రతి కట్టకూ ముందు మెత్తటి గుడ్డతో అద్దం తుడుస్తాం, ఒక తెల్ల కాగితం పోనిచ్చి చూస్తాం, గీత లేకపోతేనే పని మొదలుపెడతాం.

మూడో తప్పు అన్నిటికంటే పెద్దది. పాలమూరు వైపు నుంచి ఒక అవ్వ ఫైలు ఉంది మా దగ్గర. భర్త పోయాడు, నాలుగెకరాలు కొన్న సాదాబైనామా ఒక్కటే ఆధారం. 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో సాదాబైనామాల దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఆమె కూడా పెట్టుకుంది. కాగితం స్కాన్ చేశాం, కంప్యూటర్‌లో పెట్టాం, అసలు కాగితం కట్టలో కట్టేశాం. తర్వాత విచారణకు పిలిచినప్పుడు స్కాన్ చూసి అచ్చు తీసి ఇచ్చాం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "వెనక పెద్దమనుషుల ఏలుముద్రలు ఉండాలె గదా బిడ్డా, ఏవి?" అంది. చదువు రాదు ఆమెకు. కానీ ఆ కాగితం మీద ఏ మూల ఏముందో ఆమెకు తెలుసు.

వెనక నిజంగానే ఉన్నాయి. మిగతా పైకం ముట్టినట్టు పెన్సిల్‌తో రెండు వరుసలు, కింద ఇద్దరు సాక్షుల వేలిముద్రలు, అన్నీ పాలిపోయి ఉన్నాయి. స్కానర్‌లో ఖాళీ పేజీలను తీసేసే ఏర్పాటు ఒకటుంటుంది. పని తగ్గుతుందని దాన్ని మేమే పెట్టుకున్నాం. పాలిపోయిన ఆ వైపు చూసి యంత్రం ఖాళీ అనుకుంది, వదిలేసింది. మేం చూసుకోలేదు. అసలు కాగితం మా కట్టలోనే ఉంది కాబట్టి సరిపోయింది. స్కాన్ అయింది కదా అని దాన్ని పారేసి ఉంటే ఆమెకు ఏం చెప్పేవాళ్లం? ఆ రోజే ఆ ఏర్పాటు తీసేశాం. వెయ్యి ఖాళీ పేజీలు వచ్చినా రానివ్వండి.

ఇప్పుడు మా లెక్క ఇట్లా ఉంటుంది. స్కాన్‌కు ముందు ఫైల్లో కాగితాలు ఎన్నో లెక్కబెట్టి అట్ట మీద రాస్తాం. అయ్యాక కంప్యూటర్‌లో పేజీలు దానికి సరిగ్గా రెట్టింపు ఉండాలి. ఒక్కటి తక్కువైనా మళ్లీ మొదటి నుంచి. పాత టైపు మిషన్ కార్బన్ కాపీలు ఉల్లిపొర అంత పలచన, రెండు కలిసి లోపలికి పోతాయి. లెక్క చూసుకోకపోతే ఆ రెండో కాగితం గతి అంతే. అసలు ఆ పలచటివాటినీ, మడతల దగ్గర విరిగేవాటినీ యంత్రంలో పెట్టకండి. బల్ల మీద పరిచి పైనుంచి ఫోన్‌తో ఫొటో తీయండి, నీడ పడకుండా కిటికీ పక్కన. వెడల్పు పహాణీ షీట్లూ అంతే. లామినేషన్ చేయించిన కాగితాలు కూడా యంత్రంలో పోవు. మీ ఊళ్లో రైతులకు ఇది గట్టిగా చెప్పండి. భద్రం అనుకుని పాత దస్తావేజులకు లామినేషన్ చేయించేస్తున్నారు. ఆ వేడికి కాగితం పాడవుతుంది, ఇక జన్మలో విడదీయలేం. చేయించుకోవాలనుకుంటే జిరాక్సుకు చేయించుకోమనండి.

ఫోన్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. కామ్‌స్కానర్‌ను 2020 జూన్‌లో కేంద్రం నిషేధించింది, ఆ తర్వాత ఇట్లాంటి యాప్‌లు చాలానే వచ్చాయి. ఏది వాడినా ఫర్వాలేదు. కానీ వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది బొమ్మను పిండేసి పంపుతుంది, ఇవతల మేం పెద్దది చేసి చూస్తే అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

ఫైళ్లకు పేర్లు పెట్టడం దగ్గర మాలో మాకు చాలా వాదన జరిగింది. యంత్రం దానంతటదే తేదీ, గంట పేరుగా పెడుతుంది. ఫలానా తేదీ మధ్యాహ్నం ఎవరి కాగితం పెట్టామో ఆరు నెలల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? రైతు పేరుతో పెడదామన్నారు కొందరు. ఒకే ఊళ్లో ఒకే పేరువాళ్లు నలుగురుంటారు, పైగా మనిషి పోతే పేరు మారుతుంది. భూమి మారదు. అందుకని జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, కాగితం రకం, సంవత్సరం ఈ వరుసలో పెట్టాం. జిల్లా దగ్గరే ఒక తలనొప్పి ఉంది. జిల్లాలు విడిపోయాయి కదా, పాత కాగితం మీద మహబూబ్‌నగర్ అని ఉంటుంది, ఇవాళ ఆ ఊరు నారాయణపేటలో ఉంటుంది. ఇవాళ్టి జిల్లా పేరుతో పెట్టి, పాత పేరు పక్కన రాసుకున్నాం.

సంవత్సరం దగ్గర ఫస్లీ. నిజాం కాలపు కాగితాల మీద 1342 ఫస్లీ అని చూసి మా కుర్రాడొకరు అదేదో కాకతీయుల తర్వాత అనుకున్నాడు. ఫస్లీకి 590 కలుపుకోండి, మన సంవత్సరం వస్తుంది. 1342 అంటే 1932-33. ఏ కాగితాలు ముందు తీయాలని అడుగుతారు. 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి మూడేళ్ల చేసాల పహాణీ, సేత్వార్, రక్షిత కౌలుదారుకు ఇచ్చిన 38-ఈ సర్టిఫికెట్, ఇనాం భూమైతే ఓఆర్సీ, సాదాబైనామా క్రమబద్ధీకరణ అయితే 13-బి. ఇవి ఇంట్లో ఎక్కడ కనపడినా మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఇవే.

ఉర్దూ కాగితాలకు ఈ స్కానర్ చేసిన మేలు మేం అనుకోనిది. వాటిని చదవగలిగేవాళ్లు నాంపల్లి, ఆబిడ్స్ గల్లీల్లో ఇంకా ఉన్నారు, కోర్టుల దగ్గర రాసేవాళ్లలో కొందరు, రిటైరైన రెవెన్యూ ఉద్యోగులు కొందరు. పెద్ద వయసు వాళ్లు, మెట్లెక్కి మన ఆఫీసుకు రాలేరు. అసలు కాగితం వాళ్లింటికి పంపాలంటే రైతుకు భయం. ఇప్పుడు బొమ్మ పంపుతాం, వాళ్లు తెర మీద పెద్దది చేసుకుని చదువుతారు. పాలిపోయిన సిరాలో ఉర్దూ రెండుకూ మూడుకూ తేడా కంటికి ఆనదు, తెర మీద నాలుగింతలు చేస్తే కొమ్మ కనపడుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి, ఉర్దూ రిజిస్టరు కుడి నుంచి మొదలవుతుంది. మనం మన అలవాటు ప్రకారం పేర్చి తీస్తే చివరి పేజీ మొదటికొస్తుంది. మాకు అట్లా ఒక ఫైసల్ పట్టీ తలకిందులైంది. చదివే పెద్దాయన నవ్వి, "కథ చివరి నుంచి చెబుతున్నారు" అన్నారు. ఇక అక్షరాలను కంప్యూటర్ తానే గుర్తుపట్టడం అనేది తెలుగు అచ్చు కాగితాలకు కొంత నడుస్తుంది, పట్వారీ చేతిరాతకు నడవదు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పేరు సరిగా పెట్టుకుంటే వెతకడానికి అదే చాలు.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన సంగతి. స్కాన్ అయిన తర్వాత అసలు కాగితం ఏం చేయాలి? ఒక కార్యకర్త ఫోన్ చేసి, "అన్నా, ఎక్కించేశాం, చిత్తుకు వేసేద్దామా?" అని అడిగారు. వద్దు. చట్టం ఏమంటుందో చూడండి. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. పాతదాంట్లో 90వ సెక్షన్, కొత్తదాంట్లో 92. ముప్పై ఏళ్లు దాటిన పత్రం, ఉండవలసినవాళ్ల దగ్గరి నుంచే వస్తే, దాని మీది సంతకం, చేతిరాత ఫలానావాళ్లవేనని కోర్టు భావించవచ్చు. రాసినవాళ్లు, సాక్షులు అందరూ చనిపోయిన మన సాదాబైనామాలకు ఇది ఎంత ఆసరానో ఆలోచించండి. ఆ ఆసరా అసలు కాగితానికే, నకలుకు కాదు. ఉండవలసినవాళ్ల దగ్గరి నుంచి అన్న మాట కూడా పట్టించుకోండి. రైతు ఇంటి ట్రంకు పెట్టె ఉండవలసిన చోటు. మా బీరువా ఎందుకైంది, ఎట్లా వచ్చింది అని అవతలి వకీలు అడిగితే మేం సమాధానం చెప్పుకోవాలి. అందుకే కాగితాలన్నీ రైతులకు తిరిగి ఇచ్చేస్తున్నాం. రసీదు రాయించుకుని, ప్లాస్టిక్‌లో కాకుండా గుడ్డ సంచిలో పెట్టి ఇస్తున్నాం. ప్లాస్టిక్‌లో చెమ్మ చేరి బూజు పడుతుంది.

స్కాన్ చేసిన ఫైలును కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అది వకీళ్లు చూసుకుంటారు. మనం చేయాల్సింది ఏ రోజు, ఏ యంత్రంతో, ఎవరు స్కాన్ చేశారో ఒక పుస్తకంలో రాసిపెట్టడం, ఆ తర్వాత ఆ ఫైలును ముట్టకుండా ఉండటం. మరక ఉందని తుడవొద్దు, వంకర ఉందని కత్తిరించొద్దు. అసలు పోయినప్పుడు మాత్రం మన స్కాన్ దారి చూపుతుంది. ఏ సర్వే నంబరు, ఏ సంవత్సరం, ఏ ఫైలు నంబరో తెలిస్తే సమాచార హక్కు చట్టం కింద సర్టిఫైడ్ కాపీ అడగవచ్చు, రికార్డు మనమే పోయి చూస్తామనీ అడగవచ్చు. "మా తాత భూమి కాగితాలు ఇవ్వండి" అని రాస్తే లేవంటారు. నంబరు వేసి రాస్తే లేవనడం అంత తేలిక కాదు. ఒక మండల కార్యాలయంలో రెండుసార్లు లేదన్న ఫైలు, స్కాన్‌లోని ఫైలు నంబరు వేసి మూడోసారి అడిగితే దొరికింది.

చివరిగా, ఇవి ఎవరు చూడాలి? అన్నీ అందరికీ తెరిచి పెట్టాలని మాలో కొందరు అన్నారు, పారదర్శకత అని. మేం ఒప్పుకోలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరం ధర ఎంతో మీకు తెలుసు. ఏ సర్వే నంబరులో ఎవరి హక్కు బలహీనంగా ఉందో జాబితా కట్టి ఇచ్చినట్టే అవుతుంది, బ్రోకర్లు అంతకంటే ఏం కోరుకుంటారు? రైతు ఫైలు రైతుకు, రైతు రాసిచ్చిన వకీలుకు, అంతవరకే. ఆధార్ కాపీలు స్కాన్ చేసేటప్పుడు మొదటి ఎనిమిది అంకెల మీద కాగితం ముక్క పెట్టి తీయండి. డిస్కులు రెండు పెట్టుకోండి, రెండోది ఆఫీసులో కాకుండా వేరే ఇంట్లో. నెలకొకసారి తెరిచి చూడండి, తెరుచుకుంటోందా లేదా అని. మా మొదటి డిస్కు ఒకటి కింద పడి పోయింది, రెండోది ఉంది కాబట్టి ఇవాళ మీ ముందు నిలబడ్డాం.

వచ్చే నెల నుంచి ఈ పెట్టె జిల్లాలకు వస్తుంది, ఒక్కో జిల్లాలో వారం రోజులు. ముందు ఏ మండలమో మీరు కూర్చుని తేల్చుకోండి. రైతులకు ఒక్క మాట చెప్పి పంపండి. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఉన్నవి ఉన్నట్టే తేవాలి, పనికిరాదనుకుని ఏదీ తీసేయొద్దు. పిన్నులు, గుండు సూదులు వాళ్లు పీకొద్దు, చిరుగుతాయి, మేమే తీస్తాం. చదువు రాకపోయినా ఆ కాగితం సంగతి తెలిసిన ఇంటి పెద్ద ఎవరుంటే వాళ్లను వెంట తీసుకురమ్మనండి. స్కాన్ అయ్యాక అచ్చు తీసి ముందు వాళ్లకు చూపిస్తాం. అవ్వలు, తాతలు తిప్పి చూసి సరే అన్నాకే ఆ ఫైలు మూస్తాం.